బుల్లబ్బులు గారు మెచ్చిన ఆంప్లిఫయర్

నేను ఒక ఆంప్లిఫయర్‌ని. కారు వెనకభాగంలో ముడుచుకుని కూర్చుని, ముందున్న ప్లేయర్లోంచి చీమలా వచ్చిన పాటని ఏనుగులా బయటికి తోలే డబ్బాని. నా మూత మీద బంగారు అక్షరాలతో ఐదువేల వాట్లు అని రాసుంటుంది. ఆ ఐదువేలూ ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే మూత మీదే ఉన్నాయని ఒట్టేసి చెప్పగలను. లోపల మాత్రం లేవు.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఇరుకు సందులో, చెప్పుల గోదాము మీది గదిలో పుట్టాను. పుట్టినప్పుడు నా కడుపులో అరచేతంత పచ్చ పలక ఒకటి, దాని మీద జొన్నగింజల్లాంటి సామాను కాస్త. అంతే. డబ్బా మాత్రం హార్మోనియం పెట్టెంత. మూత బిగించబోతుండగా ఎవరో వచ్చి, ఇది భీమవరం వెళ్ళే సరుకని చెప్పారు. వెంటనే మూత మళ్ళీ తీసి, ఒక దిమ్మలాంటి ఇనప పలకని నా పొట్టలో పెట్టి మరలు బిగించేశారు. ఆ పలక దేనికీ కలవదు. దాంట్లోంచి ఏ వైరూ పోదు. అదలా ఉంటుంది, పెళ్ళిలో పెదనాన్నలాగా.

ఎందుకంటే భీమవరం వాళ్ళు ఆంప్లిఫయర్ని ఎత్తి చూసి కొంటారట. పాటగాణ్ణి కాటా వేసి కొనే ఊరు భూమ్మీద ఉంటుందని నాకప్పటికి తెలియదు.

భీమవరంలో నన్ను దింపుకున్నది శేషావతారం. బైపాసు రోడ్డులో కార్ల సింగారం సామాన్ల కొట్టు ఆయనది. సీటు కవర్లు, నిమ్మకాయ వాసనలు, వెనక అద్దానికి అంటించే దేవుళ్ళు, మా జాతి. ఆయన నన్ను అలమరలో పెట్టి అగరొత్తి వెలిగించి, గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషితో, "గురువు గారూ, కొత్త సరుకండి. ఒక్కసారి మీ సెయ్యెయ్యండి" అన్నాడు.

ఆ పెద్దమనిషే చెవుల బుల్లబ్బులు గారు.

ఆయన గురించి మీకు చెప్పాలి. వయసులో ఆయన పందిళ్ళకి మైకు సెట్లు కట్టేవారు. గోదావరి అవతలి గట్టున మైకులో ఎవరో దగ్గితే, ఇవతలి గట్టున కూర్చుని ఆ దగ్గు మనిషిదో వైరుదో చెప్పేవారట. చెరువులో రొయ్య పక్కకి ఒత్తిగిలితే ఆయనకి నిద్ర పట్టేది కాదట. ఇందులో సగం అబద్ధమనుకున్నా, మిగతా సగానికే ఊరు దణ్ణం పెట్టేది. కార్లలో పాటల పెట్టెలు వచ్చాక, భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు ఎవరైనా ఆంప్లిఫయర్ కొనాలంటే బుల్లబ్బులు గారు చూసి, ఉంగరంతో మూత మీద కొట్టి, "వస్తువండీ ఇది" అనాలి. అనకపోతే దాన్ని ఊరికే ఇచ్చినా పట్టుకెళ్ళరు.

అలాంటి చెవులు ఎక్కడ పోయాయంటే, విన్నచోటే పోయాయి. అద్దాలు ఎత్తేసిన కార్లలో కూర్చుని మా వాళ్ళ అరుపులు ఏళ్ళ తరబడి విన్న మనిషి ఆయన. మొదట వానచప్పుడు పోయింది. తరవాత పిట్టలు, తరవాత భార్య. చివరికి మేమూ పోయాం. నేను ఆ కొట్టుకి వచ్చేసరికి ఆయన చెవులు రెండూ కళ్ళజోడు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికొచ్చేవి కావు.

ఆ సంగతి ఆయన భార్య మంగతాయారు గారికి తప్ప ఎవరికీ తెలియదు. నాకెలా తెలిసిందంటారా? ఆయన అరచేయి చెప్పింది. వినే మనిషి చేయి ఊరికే ఉంటుంది. ఆయన చేయి నన్ను బతిమాలుతున్నట్టు ఉండేది.

అయినా పని ఆగలేదు. వినపడని మనిషి మంచీ చెడ్డా తేల్చాలి కాబట్టి వేరే దారులు పట్టారు. మొదట డబ్బాని ఎత్తి చూసేవారు; "బరువు లేందానికి గొంతుండదండి" అనేవారు. తరవాత కారు ముందు భాగంలో గ్లాసుతో నీళ్ళు పెట్టించేవారు. పాటకి నీళ్ళు తొణికితే సగం పాసు, ఒలికితే పూర్తిగా పాసు. ఆఖరున నా బోటివాడి మీద అరచేయి వేసి, కళ్ళు మూసుకునేవారు. అది చూసి జనం భక్తి అనుకునేవారు. నిజానికి అది విశ్రాంతి. కళ్ళు తెరిచినంతసేపూ ఎదుటివాళ్ళ పెదాలు చదువుతూ ఉండాలి కదా, ఎంతకని చదువుతారు. వాసన సంగతి అడక్కండి. ముక్కుని ఎప్పుడో ముక్కుపొడుంకి రాసిచ్చేశారు.

గురువు గారు చేసిందే శాస్త్రం కాబట్టి ఊరంతా ఎత్తి చూడటం మొదలుపెట్టింది. ఒక రైతు రొయ్యల కాటా మీద పెట్టి తూచి మరీ కొన్నాడు. ఆ కబురు లారీల మీద పోయి పోయి ఉత్తరాది సందులోని ఆ గది దాకా చేరింది. అదీ నా కడుపులోని పలక కథ. ఒక మనిషి చెవుడు అంత దూరం ప్రయాణం చేసి, ఇనుమై నాలో కూర్చుంది.

మంగతాయారు గారు మధ్యాహ్నాలు క్యారియర్ తెచ్చేవారు. భర్తకి ఎదురుగా నిలబడి, మొహం మీద మొహం పెట్టి మాట్లాడేవారు. ఆ వయసులో ఆ అన్యోన్యం చూసి శేషావతారం పక్కకి తిరిగి నవ్వుకునేవాడు.

"సెవుల డాక్టరు గారు పక్కీధిలోనే ఉన్నారు. ఓ మిషనెట్టించుకుంటే పోలా?" అన్నారావిడ ఒకరోజు, శేషావతారం బయటికి వెళ్ళాక.

"సెవిలో మిషనెట్టుకున్నోడు సెప్తే డబ్బా ఎవడు కొంటాడే? గుడ్డోడొచ్చి సీర రంగు బాగుందన్నట్టుంటాది."

"ఇప్పుడు జరిగేదదే కదా."

ఆయన పప్పులో వేలు పెట్టి కలుపుకున్నారు.

"ఎప్పుడో ఎవరి కొంపో అంటించేత్తారు మీరు."

"అంటుకుంటే పొగ కనపడుద్దిలే. సెవులు పోయినియ్యి గానీ, కళ్ళున్నాయిగా" అన్నారాయన.

ఆ మరుసటి వారం భద్రిరాజు వచ్చాడు.

పెళ్ళికాని కుర్రాడు. కాలవకి అవతల రొయ్యల చెరువు, ఇవతల ఊళ్ళో ఇల్లు. ఇంట్లో తల్లి నరసాయమ్మ గారు, అతనూ, అంతే. చెరువు మట్టి పట్టి సొంత రంగు మరిచిపోయిన తెల్ల కారు ఒకటి ఉంది.

"గట్టు మీద పాటెడితే ఇంటికాడ మా అమ్మకి ఇనపడాలండి. అదీ నాకు కావాల్సింది" అన్నాడు.

"అంత అర్జెంటేటి రాజు గారూ? ఫోనుంది కదా" అన్నాడు శేషావతారం.

"ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టేత్తాదండి. దొంగలెత్తుకుపోతారని. పాట ఇనపడితే కంచం పెట్టేత్తాది. నేనెళ్ళేసరికి అన్నం వేడిగా ఉంటాది."

నన్ను తయారుచేసిన వాళ్ళకి గానీ, అమ్మేవాళ్ళకి గానీ లేని సదుద్దేశం కొనేవాడికి ఉంది. అదే చిక్కు.

కొట్టులో నా పక్కన ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉండేది. తేలికగా, బక్కగా, మూత మీద ఏ గొప్పా రాసుకోకుండా. దానికి ఎంత శక్తి ఉందో అంతే చెప్పేది, అంతే పాడేది. అందుకని ఏడాదిగా దుమ్ము కొట్టుకుపోతోంది. భద్రిరాజు రెండింటినీ పాడించి విన్నాడు. నేను పాడితే తవుడు నములుతూ హరికథ చెప్పినట్టుంటుంది. దాని గొంతు కడిగిన గ్లాసు.

"గురువు గారూ, ఈ సిన్నది తేలిగ్గా ఉంది గానీ గొంతు శుభ్రంగా ఉందండి" అన్నాడు భద్రిరాజు.

బుల్లబ్బులు గారు ఒక చేత్తో దాన్నీ, ఒక చేత్తో నన్నూ ఎత్తారు. దాన్ని కింద పెట్టి, "డొల్ల" అన్నారు. నా మీద అరచేయి వేసి కళ్ళు మూసుకున్నారు. గ్లాసులో నీళ్ళు తొణికాయి. నేను పాడటం లేదు, వణుకుతున్నాను. అరచేతికి ఆ తేడా తెలియదు. ఉంగరంతో నా మూత మీద కొట్టారు.

"వస్తువండీ ఇది."

భద్రిరాజు చెవులు నిక్షేపంలాంటివి. అవి ఒకటి చెప్పాయి, గురువు గారు ఒకటి చెప్పారు. అతను తన చెవులనే పక్కన పెట్టాడు. అందరూ అంతే.

బిగించిన దగ్గర్నుంచీ ఫ్యూజు పోవడం మొదలైంది. ఫ్యూజంటే బ్యాటరీ దగ్గర కాపలా ఉండే సన్నటి తీగ. కరెంటు హద్దు దాటితే తాను చచ్చిపోయి కారుని కాపాడుతుంది. నాకు తిండి తెచ్చే లావు వైరు ముందు సీటు కింద నుంచి వస్తుంది. సీటు ముందుకీ వెనక్కీ జరిగినప్పుడల్లా, కింది ఇనప పట్టా ఆ వైరు తొడుగుని కొంచెం కొంచెం కొరుకుతోంది. రాగి ఇనుముని తాకినప్పుడల్లా కాపలావాడు చచ్చిపోతున్నాడు. పాపం వాడొక్కడే ఆ కారులో నిజం చెప్పేవాడు.

భద్రిరాజు మళ్ళీ వచ్చాడు. "మూడోది కూడా పోయిందండి. ఎక్కడో తేడాగా ఉందేమో సూడండి."

బుల్లబ్బులు గారు పోయిన ఫ్యూజుని ఎండలోకి ఎత్తి చూసి, కొట్టులో ఉన్న నలుగురికీ చూపించారు. "సూశారా. దీని శక్తికి ఫ్యూజు తట్టుకోలేకపోతంది. శేషావతారం, లావు రాగి ముక్క ఒకటెట్టెయ్."

నలుగురూ నా వైపు గౌరవంగా చూశారు. కాపలావాడి జాగాలో రాగి ముక్క పెట్టారు. అది ఎప్పటికీ చావదు.

ఆ తరవాత పాట నడిచింది. గట్టు మీద ఎత్తుకుంటే ఊళ్ళో కుక్కలు లేచి నిలబడేవి. ఇంట్లో నరసాయమ్మ గారు కంచం పెట్టేవారు. నాకు సిగ్గుగా ఉన్నా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో నేను అబద్ధాన్ననే సంగతి మరిచిపోయేవాణ్ణి. తవుడు నమిలే గొంతుకి కూడా ఒకావిడ అన్నం వండుతోందంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

కానీ భద్రిరాజుకి ఏదో వినపడుతూనే ఉంది. పాట ఆపాక కూడా సీటు కింద చిటచిట. కొట్టుకి వచ్చి, అద్దంలో తల దువ్వుకుంటూనే చెప్పాడు. "పాట లేనప్పుడు కూడా ఏదో సిటపటమంటందండీ, గురువు గారూ."

మొహం అటు ఉంది కాబట్టి బుల్లబ్బులు గారికి పెదాలు కనపడలేదు. ఏదో అడిగాడని మాత్రం తెలిసింది. అలాంటప్పుడు ఇవ్వడానికి ఆయన దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "కొత్త వస్తువండి. అలవాటు పడాలి."

"అంతేనంటారా?"

"అలవాటు పడాలండి."

భద్రిరాజు సరేనన్నాడు గానీ మనసొప్పక, ఒకసారి చెరువు గట్టు మీదికి వచ్చి, కారులోనే కూర్చుని వినమని బతిమాలాడు. గురువు గారు వెళ్ళారు. ఎండ మాడ్చేస్తోంది. చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. పక్క చెరువు దగ్గర పాకలో ఇద్దరు కూలీలు మేత బస్తాలు సర్దుతున్నారు.

అద్దాలు ఎత్తారు. ముందు గ్లాసుతో నీళ్ళు పెట్టారు. భద్రిరాజు డ్రైవింగు సీటుని వెనక్కి జరుపుకుని కూర్చుని, పాట పూర్తిగా ఎత్తాడు. బుల్లబ్బులు గారు వెనక సీటులో మోకాళ్ళ మీద నిలబడి, సీటు మీంచి వెనక్కి వంగి, నా మీద రెండు అరచేతులూ వేసి కళ్ళు మూసుకున్నారు.

అంతకు ముందే సీటు జరిగినప్పుడు వైరు తొడుగు పూర్తిగా తెగింది. నాకు తెలుసు. చెప్పే దారి లేదు. నేను పాటలు తప్ప మాటలు చెప్పలేను.

మొదట చిటచిట. తరవాత సీటు కింద తివాచీ కమిలింది. భద్రిరాజు వంగి చూసి, తలుపు తీసుకుని బయటికి దూకాడు. "గురువు గారూ, దిగండి" అని అరిచాడు.

ఆయన దిగలేదు. వేడెక్కుతున్న నా ఒళ్ళు ఆయన అరచేతులకి తగులుతోంది. అది శక్తి అనుకున్నారు. పెదాల మీద చిన్న నవ్వు కూడా ఉంది. చాలా కాలానికి ఒక వస్తువు ఆయన చేతులకి ఇంత స్పష్టంగా వినపడుతోంది.

భద్రిరాజు అద్దం మీద గుద్దాడు. ఇంకోసారి అరిచాడు. తరవాత ముందు తలుపులోంచి లోపలికి దూకి, రెండు సీట్ల మధ్య నుంచి వెనక్కి పాకి, ఆయన భుజం పట్టుకుని ఊపేశాడు. అప్పుడు కళ్ళు తెరిచారు బుల్లబ్బులు గారు. పొగ కనపడింది. ఆయన చెప్పినట్టే కనపడింది. కనపడనివి పెదాలు. ఆ నల్లటి పొగలో భద్రిరాజు నోరు ఏదో ఒక మాట అంటోంది. ఆ మాట ఏమిటో ఆయనకి తెలియలేదు.

భద్రిరాజు వెనక తలుపు తీసి, ఆయన్ని కాలితో తన్ని బయటికి నెట్టాడు. నెట్టినవాడు మాత్రం బయటికి రాలేదు. సీటు లోపలి స్పాంజి పొగ మనిషిని ఎక్కువసేపు ఆలోచించుకోనివ్వదు.

నేను కాసేపు పాడుతూనే ఉన్నాను. ఆ తరవాత ఆగిపోయాను.

కర్మకాండలన్నీ అయిపోయాక ఒకరోజు నరసాయమ్మ గారు బుల్లబ్బులు గారి ఇంటికి వచ్చారు. చేతిసంచిలో నేను ఉన్నాను. కాలిన కారులో మిగిలినవాటిలో ఎత్తి తీసుకురాగలిగింది నన్నే. బుల్లబ్బులు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అరచేతులు రెండిటికీ కట్లు. ఇక అవి కూడా వినవు.

ఆవిడ నన్ను మెట్టు మీద పెట్టి, ఆయనకి ఎదురుగా కూర్చున్నారు.

"ఆ రోజు మా వాడి పాట ఇనపడగానే కంచం పెట్టేశానండి. పప్పు వేశాను. పాట ఆగింది. బయల్దేరాడనుకున్నాను. నెయ్యి కరగబెట్టాను."

మంగతాయారు గారు గడప దగ్గర నిలబడిపోయారు.

"ఆఖర్న వాడేదో కేకేశాడంట. పక్క చెరువు వాళ్ళు చెప్పారు. దూరంలో ఉన్నారు కదా, మాట తెలీలేదంట. మీరు పక్కనే ఉన్నారు. మీ చెవులు మామూలు చెవులు కాదు. ఏమన్నాడో చెప్పండి బాబూ. అది తెలిస్తే చాలు నాకు."

బుల్లబ్బులు గారు ఆవిడ పెదాలనే చూస్తున్నారు. ప్రతి మాటా అందింది. 'అమ్మా' అన్నాడని చెబితే సరిపోయేది. ఆవిడకి ఒక మాట దక్కేది, ఈయనకి పేరు దక్కేది. గడప దగ్గర నుంచి మంగతాయారు గారి కళ్ళు కూడా ఆ ఒక్క మాట చెప్పెయ్యమనే అంటున్నాయి.

"నాకు ఇనపడలేదమ్మా" అన్నారాయన.

"ఆ మంటల్లో ఎవరికి ఇనపడుద్దిలెండి. పోనీ కొంచెమైనా..."

"మంటల్లో కాదమ్మా. నాకసలు ఇనపడదు. నీ కొడుకు ఈ డబ్బా కొనకముందు నించే."

ఆవిడ గొంతు పెంచకుండా, "మరి వాడు బాగానే ఇన్నాడు కదండీ. చిటపటమంటుందని నాతో కూడా అన్నాడు. గురువు గారు అలవాటు పడాలన్నారమ్మా అన్నాడు" అన్నారు.

ఆయన తల దించుకున్నారు. తల దించుకుంటే పెదాలు కనపడవు. ఆ తరవాత ఆవిడ ఇంకేమైనా అన్నా ఆయనకి చేరేది కాదు. ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టకుండా, నన్ను మెట్టు మీదే వదిలేసి వెళ్ళిపోయారు.

మంగతాయారు గారు భర్త గడ్డం పట్టుకుని పైకెత్తి, "అమ్మా అన్నాడని సెప్తే, ఆ మనిషి ఇయ్యాలైనా కునుకు తీసేది" అన్నారు.

"ఇన్నాళ్ళూ ఇనకుండా సెప్పింది సాలదేటే" అన్నారాయన.

మర్నాటి నుంచి బుల్లబ్బులు గారు కొట్టు కొట్టుకీ తిరిగి, తనకి చెవుడనీ, ఎప్పట్నుంచో చెవుడనీ, ఎత్తి చూడటం దొంగ శాస్త్రమనీ చెప్పారు. ఊరు ఎంత మంచిదంటే ఒక్కడు కూడా నమ్మలేదు. పాపం మంటల్లో చెవులు పోయాయన్నారు. భద్రిరాజు పోయిన దిగులుతో అలా అంటున్నాడన్నారు. టీ కొట్టు దగ్గర ఒకాయన వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి లేచి, "కారంటుకున్నా లెగకుండా ఇన్నాడయ్యా. అదీ ఇనడమంటే" అన్నాడు. ఆ మాట మాత్రం బుల్లబ్బులు గారు పెదాల మీద స్పష్టంగా చదువుకున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లోంచి బయటికి రావడం మానేశారు.

నన్ను మెట్టు మీంచి శేషావతారం పట్టుకుపోయాడు. కొట్టులో అద్దాల పెట్టె చేయించి, నడిమధ్యన పెట్టాడు. పైన బోర్డు రాయించాడు. "బుల్లబ్బులు గారు ఆఖరున విన్న వస్తువు. మంటల్లోనూ పాట ఆపలేదు." మళ్ళీ అగరొత్తి. మా జాతి సరుకు ఇప్పుడు లారీలకి లారీలు వస్తోంది. ఈసారి ఇనప పలకలు రెండేసి పెడుతున్నారట. ఆ బక్క ఆంప్లిఫయర్ని పాత ఇనపసామాన్ల వాడికి ఇచ్చేశారు.

కొనడానికి వచ్చిన ప్రతివాడి కోసం శేషావతారం అద్దాల పెట్టె తీస్తాడు. వాళ్ళు నన్ను రెండు చేతుల్తో ఎత్తుతారు. "కాలిపోయినా ఎంత బరువుందో సూశారా" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. నా పచ్చ పలక, దాని మీది జొన్నగింజలు ఆ రోజే బూడిదైపోయాయి. కాసింతైనా పాడగలిగింది ఏదైనా నాలో ఉందంటే అదే. వాళ్ళు ఎత్తి మురిసిపోతున్నది ఆ ఇనప పలకని.

భద్రిరాజు ఆఖరి మాట నాకు తెలుసు. నా పక్కనే అన్నాడు. నరసాయమ్మ గారు నన్ను సంచిలో పెట్టుకుని ఒళ్ళో మోసుకొచ్చిన దారి పొడుగునా అది నా దగ్గరే ఉంది, ఆవిడకి తెలియదు. అది 'అమ్మా' కాదు. దేవుడి పేరు కూడా కాదు. పొగలో దగ్గుతూ, బుల్లబ్బులు గారి భుజం పట్టుకుని ఊపుతూ, కోపంగా కూడా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగాడు.

"ఇనపడట్లేదేటండీ మీకు?"

నన్ను ఎత్తి చూసే ప్రతివాణ్ణీ ఆ మాటే అడగాలనిపిస్తుంది. కానీ ఇప్పుడు నా దగ్గర గొంతు లేదు. బరువే ఉంది.